పేరు పిలిస్తే లేవని అమ్మాయి

నా పేరు అనసూయ. అనుసూయ కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. పంజాగుట్టలోని ఒక ట్రస్టు ఆఫీసులో ఇరవై నాలుగేళ్లు పనిచేశాను. జీతం కాగితం మీద, గోడకు అంటించిన ఫోన్ నంబర్ల పట్టికలో, చివరికి రిటైరైన రోజు ఇచ్చిన జ్ఞాపిక మీద కూడా నా పేరులో ‘న’ ఉండాల్సిన చోట ‘ను’ వచ్చి కూర్చుంది. అసూయ లేనిది అని నా పేరుకు అర్థం. నాకు అసూయ ఉందో లేదో పక్కన పెట్టండి, ‘ను’ మాత్రం లేదు.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం అమీర్‌పేటలో మా పక్క ఫ్లాటు అమ్మాయి. ఇలాంటి ట్రస్టులోనే కొత్తగా ఉద్యోగం వచ్చిందని స్వీట్లు తెచ్చి, “ఆంటీ, మీరు చేసిన పనే కదా. ఏముంటుంది అందులో, కాగితాలు చూడ్డమేగా?” అంది. పిల్ల మంచిదే. కానీ ఆ ‘మేగా’ నాకు గుచ్చుకుంది. వారం రోజులు ఊరుకున్నాను. ఇక నా వల్ల కాలేదు.

కాగితాలు చూడ్డమేగా

మా ట్రస్టు పెట్టినాయన్ని అందరం పెద్దాయన అనేవాళ్లం. చనిపోయిన భార్య సులోచన గారి పేరుమీద, ఇంటర్ దాటి పైచదువులకు వెళ్లే ఆదివాసీ విద్యార్థులకు ఆయన ఒక స్మారక స్కాలర్‌షిప్ ఏర్పాటు చేశారు. ఏటా ఆదిలాబాద్ నుంచి, భద్రాచలం నుంచి, అటు విశాఖ మన్యం నుంచి గోనెసంచి నిండా దరఖాస్తులు వచ్చేవి. వాటిని విప్పి, చదివి, పత్రాలతో సరిచూసి, ఇంటర్వ్యూకి పిలవాల్సిన వాళ్ల జాబితా రాయడం నా పని.

దరఖాస్తును కాగితం అనుకున్న రోజు ఈ ఉద్యోగం మానెయ్యండి. నేను చెప్పేదల్లా ఇదే, మిగతాదంతా దీనికి వివరణ. ఒక పిల్ల పొయ్యి దగ్గర కూర్చుని ఇంటి ఆదాయం ఎంత రాయాలో తండ్రిని అడుగుతుంది. ఆయన తల గోక్కుంటాడు. కుల ధ్రువపత్రం కోసం మండల ఆఫీసుకి నాలుగుసార్లు తిరుగుతారు. ఇంత జరిగాక ఆ కవరు మన బల్ల మీదికి వస్తుంది. దాన్ని మనం అర నిమిషంలో పక్కకు నెట్టేయగలం. మన చేతిలో ఉన్న అధికారం అదొక్కటే. దాన్ని వాడకుండా ఉండటం నేర్చుకోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఒక ఏడాది ఒకే చేతిరాతతో ముప్పైకి పైగా వ్యాసాలు వచ్చాయి. ‘నా జీవితాశయం’ అనే ప్రశ్నకు అన్నిట్లోనూ ఒకటే జవాబు: ‘నా జాతి అభ్యున్నతికి పాటుపడుట.’ అమీర్‌పేట సందుల్లో కోచింగ్ బోర్డుల కింద ఉండే నెట్ సెంటర్లలో ఇలాంటివి రాసిపెట్టేవాళ్లు. వాటిలో ఒకటి ఇలా మొదలైంది: ‘నేను డాష్ గ్రామంలో జన్మించితిని.’ నమూనాలో ఖాళీగా వదిలిన గీతను ఆ రాసినాయన ‘డాష్’ అని చదివి అలాగే ఎక్కించేశాడు. నాకు ఒళ్లు మండి, కొట్టేద్దామని పెన్ను తీశాను. మళ్లీ ఏమనుకున్నానో, అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను.

“ఏం బాబూ, నీది డాష్ గ్రామమా?”

అవతల ఒకటే నవ్వు. “కాదు మేడం, మాది ఉట్నూరు పక్కన. నేను రాసిన వ్యాసం నెట్ సెంటరాయన తీసుకోలే. తప్పులున్నయి, ఇది పెడితేనే వస్తదన్నడు.”

“నువ్వు రాసింది ఉందా?”

“జేబుల ఉంది మేడం.”

చదవమన్నాను. వాన కురిస్తే వాళ్ల బడికి వెళ్లే వాగు ఎలా పొంగుతుందో, దాని మీద వంతెన ఎక్కడ కట్టాలో, ఇంజనీర్లు కొలిచిన చోట కాకుండా ఇంకో చోట ఎందుకు కట్టాలో రాశాడు. సివిల్ ఇంజనీరింగ్ ఎందుకు చదవాలో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. కనక కొట్టేయడానికి ముందు ఒక్క ఫోన్ చెయ్యండి.

కుర్చీ, టైపిస్టు

మా కార్యదర్శి మూర్తి గారి గురించి న్యాయంగానే రాయాలని ప్రయత్నిస్తాను. పద్ధతి గల మనిషి. సమయానికి వచ్చేవారు, సమయానికి వెళ్లేవారు. ఒక్క రూపాయి అటూ ఇటూ చేసి ఎరగరు. ఈ మూడు వాక్యాలతో ఆయన సుగుణాలు అయిపోయాయి.

నా కుర్చీ ఎడమ చెయ్యి విరిగి ఉండేది. మార్చమని రాసి ఇచ్చాను. ఆర్నెల్లకు మళ్లీ రాశాను. ఆఫీసుకి కొత్త కుర్చీలు వచ్చాయి కానీ అవన్నీ సందర్శకుల గదిలోకి వెళ్లాయి. “విజిటర్లు చూస్తారు కదండీ, అనుసూయ గారూ” అన్నారు. నన్ను ఎవరు చూస్తారని! నేను పెట్టిన ప్రతి ఫిర్యాదుకీ ఒక నకలు తీసి పచ్చరంగు ఫైల్లో దాచుకునేదాన్ని. ఫ్యాను చప్పుడు మీద ఒకటి. అందరికీ గాజు గ్లాసులో టీ ఇచ్చి నాకు ప్లాస్టిక్ కప్పులో పోయడం మీద రెండు. మా అటెండరు యాదగిరి ఆ ఫైలును చూసినప్పుడల్లా, “గిది మస్తు లావైంది మేడం, దీనికి సుత ఒక కుర్చీ అడుగున్రి” అనేవాడు.

ఒక రోజు ఎర్రమంజిల్ ఆఫీసుల నుంచి ఎవరో అధికార్లు వచ్చారు. మూర్తి గారు అందర్నీ పరిచయం చేస్తూ నా బల్ల దగ్గరికి వచ్చి, “ఈవిడ మా టైపిస్టు” అన్నారు. నాకు టైపు రాదు. పదిహేడేళ్లుగా ఆ స్కాలర్‌షిప్ విభాగం మొత్తం నా భుజం మీద ఉంది. వాళ్లు తలలూపి ముందుకు వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం నేను ఇంటర్వ్యూ జాబితా చేత్తో రాస్తున్నాను. చెయ్యి జాబితా రాస్తోంది, బుర్ర ఫిర్యాదు రాస్తోంది. ‘ఎవరి సాయమూ లేకుండా ఈ విభాగాన్ని నడుపుతున్న నన్ను టైపిస్టు అనుట...’ ఈ వాక్యం ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను కూడా. రాసిన జాబితాను ధ్రువపత్రాలతో మరోసారి సరిచూడాలి. అది నేనే పెట్టిన నియమం. ఆ రోజు చూడలేదు. ఫిర్యాదును శుభ్రంగా ఎత్తి రాయాలన్న తొందర.

సాయం... సాయం...

ఇంటర్వ్యూ రోజు మా మూడో అంతస్తు వరండా జాతరలా ఉండేది. ఒక పక్క స్కాలర్‌షిప్ పిల్లలు. ఇంకో పక్క, ఆపరేషన్లకు, కళ్లద్దాలకు ట్రస్టు సాయం కోసం వచ్చిన పెద్దవాళ్లు. రెండూ ఒకే రోజు పెట్టొద్దని కూడా నేను రాసి ఇచ్చాను, పచ్చ ఫైల్లో ఉంది. యాదగిరి తలుపు దగ్గర నిలబడి ఇంటిపేర్లతో కేకేసేవాడు. “మడకం! సిడాం! తొడసం!” పిల్లలు లేచి లోపలికి వెళ్లేవారు.

సాయంత్రం అయిదైంది. కమిటీ వాళ్లు లేచి వెళ్లిపోయారు. నేను సంచి సర్దుకుంటుంటే యాదగిరి వచ్చాడు.

“మేడం, గా చివరి బెంచి మీద పిల్ల పొద్దుగాల్నించి గట్లనే కూసుంది. నీళ్లు సుత తాగలే. జర మీరు అడుగున్రి.”

వెళ్లాను. సన్నటి అమ్మాయి. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో పత్రాలు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

“ఏమ్మా, నిన్ను పిలవలేదా?”

“లే మేడం. పిలుస్తరని కూసున్న.”

“పేరేంటి?”

“పాయం సీత.”

జాబితా తెచ్చి చూశాను. పాయం లేదు. చివరి నుంచి మూడో వరసలో ‘సాయం ఎస్.’ అని ఉంది. ఎదురుగా ఎర్ర సిరాతో ‘గైర్హాజరు’.

యాదగిరి నా భుజం మీదుగా తొంగి చూశాడు. “నేను మూడుసార్లు మొత్తుకుంటి కదా! సాయం! సాయం! అని. నువ్వు ఇనలేదా బిడ్డా?”

“ఇన్న అన్న.”

“ఇని లేవకపోతివా?”

ఆ అమ్మాయి తల దించుకోలేదు. అవతల పక్క వరసలో మందుల చీటీలు పట్టుకుని ఇంకా ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్ల వైపు చూపించింది. “సాయం సాయం అంటే ఆల్లను పిలుస్తున్నవనుకున్న. నేను సాయం అడగనీకి రాలే అన్నా. మార్కులతోని వచ్చిన.”

యాదగిరి జాబితా మీద వేలు పెట్టి ఆ పేరును మళ్లీ కూడబలుక్కున్నాడు.

నాకు మొదట వచ్చింది కోపమే. ఎవరు రాశారీ జాబితా, ఇలాంటి వాళ్లను ఉద్యోగంలో ఎందుకు ఉంచుతారు, దీని మీద గట్టిగా రాయాలి అనుకున్నాను. ఆ తర్వాత అక్షరాలు చూశాను. ‘య’కు కింద తోక తిప్పే అలవాటు ఆ ఆఫీసులో నా ఒక్కదానికే ఉంది. అసలు దరఖాస్తు తీశాను. ‘పాయం’ అని ముత్యాల్లాంటి అక్షరాలు. ‘ప’కు నేను ఒక తోక తగిలించి ‘స’ చేశాను. ఆ రోజు నా బుర్రలో తిరుగుతున్న మాట ‘సాయం’. అదే వచ్చి ఆ అమ్మాయి ఇంటిపేరు మీద కూర్చుంది.

మా అమ్మ పెట్టిన పేరులో ఎవరో ఒక అక్షరం మారిస్తే ఏళ్ల తరబడి లోకం మీద కత్తి కట్టిన దాన్ని. నేను చేసింది ఇది.

“ఈ స్కాలర్‌షిప్ రాకపోతే ఏం చేస్తావమ్మా?” అని అడిగాను. తెలివితక్కువ ప్రశ్న. కానీ అడిగాను.

“నర్సింగ్ సీటొచ్చింది మేడం. శనివారం లోపల మీ కాగితం చూపించాలన్నరు. లేకుంటే ఎనకున్నోళ్లకు ఇస్తరట.” కవరు సర్దుకుంటూ, “ఇంకో యాడాది కూసుంటే ఇంట్ల పెండ్లి చేస్తరు” అంది. అది మంగళవారం.

ఫిర్యాది, ప్రతివాది

మర్నాడు పొద్దున్నే మూర్తి గారి దగ్గరికి వెళ్లాను.

“లిస్టు క్లోజ్ అయిపోయిందండీ. గైర్హాజరు అంటే గైర్హాజరే” అన్నారు.

“ఆ అమ్మాయి రోజంతా బెంచీ మీదే ఉందండీ.”

“బెంచీ మీద ఉండటం హాజరు కాదు. పిలిస్తే పలకడం హాజరు.”

“తన పేరు పిలవలేదు కదండీ!”

“వచ్చే ఏడాది అప్లై చేసుకోమనండి. ఒక్కరి కోసం కమిటీని మళ్లీ పిలిస్తే రేపు పదిమంది వస్తారు. అయినా అనుసూయ గారూ, జాబితా రాసింది మీరే కదా?”

అన్నది నిజం. నిజాన్ని అంత తృప్తిగా అనడాన్ని మాత్రం నేనిప్పటికీ క్షమించలేదు.

బల్ల దగ్గరికి వచ్చి తెల్లకాగితం తీశాను. ఫిర్యాదు రాయడం నాకు చేతనైన విద్య. ఎవరికి, ఎవరి మీద, ఏం జరిగింది, ఏం కావాలి, ఎప్పటిలోగా. ఈ అయిదూ ఉండాలి. విశేషణాలు ఉండకూడదు. అంతవరకు నేను రాసిన ఫిర్యాదుల్లో విశేషణాలే ఎక్కువని అప్పుడు గుర్తించాను. ఇలా రాశాను:

‘పెద్దాయన గారికి. ఫిర్యాది: అనసూయ, స్కాలర్‌షిప్ విభాగం. ఎవరి మీద: అనసూయ, స్కాలర్‌షిప్ విభాగం. పాయం సీత అనే అభ్యర్థి ఇంటిపేరును నేను సాయం అని రాశాను. ధ్రువపత్రంతో సరిచూడలేదు. ఆ సమయంలో వేరే ఫిర్యాదు ఆలోచిస్తున్నాను. ఆ అమ్మాయి తన పేరు కాని పేరుకు పలకలేదు. అది ఆమె తప్పు కాదు. శుక్రవారం లోపు ఆమెను ఇంటర్వ్యూ చేయాలి. నా మీద ఏ చర్య తీసుకున్నా అంగీకారమే.’

చివరి వాక్యం కొట్టేద్దామనిపించింది. కొట్టేయలేదు. పెద్దాయన ఇల్లు అమీర్‌పేటలోనే, మా వీధికి రెండు సందుల అవతల. నేనే వెళ్లి చేతికిచ్చాను. ఆయన వరండాలో కూర్చుని రెండుసార్లు చదివారు.

“నీ మీద నువ్వే రాసుకున్నవా?”

“అవునండీ.”

“ఇరవై ఏండ్లల్ల నాకు మస్తు ఫిర్యాదులు వచ్చినయి. అందరు పక్కోని మీద రాసినోళ్లే.” కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. “రేపు ఆ పిల్లను రమ్మను. కమిటీ ఎందుకు, నేనొస్త.”

రాయి మీద పేరుండదు

గురువారం పెద్దాయన ఆఫీసుకి వచ్చారు. మూర్తి గారు ఆయన పక్కన, నేను గోడ దగ్గర. యాదగిరి తలుపు దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, “పాయం సీత గారూ!” అన్నాడు. వాడు ఎవర్నైనా గారూ అనడం నేను వినడం అదే మొదలు.

మార్కులు, చదువు, ఇల్లు అన్నీ అడిగారు. చివరికి ప్రతి ఏడాదీ ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న: “మా సులోచన గురించి ఏం తెలుసుకున్నవు?” దీనికి జవాబు మా కరపత్రంలోనే ఉంటుంది. ‘సులోచన గారు విద్యాదాత, కరుణామూర్తి.’ పిల్లలు దాన్ని అప్పజెప్పేవారు, ఆయన తలూపేవారు.

“కాగితంల రాసింది సదివిన సార్. కానీ ఏం తెల్వలే.” అంది సీత. “ఆమెకు ఎట్ల పాణం పోయింది సార్?”

“అమ్మాయ్!” అన్నారు మూర్తి గారు.

పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. “ఎందుకడుగుతున్నవు బిడ్డా?”

“మా కాడ పెద్దోళ్లు పోతే రాయి పాతుతరు సార్. దాని మీద పేరుండదు. అయినా ఎవరిదో, ఎట్ల పోయిండ్రో, ఊళ్లె చిన్నపోరలకు సుత తెలుసు. ఈడ గోడ మీద ఇంత పెద్దగ పేరు రాసిండ్రు. మొన్న బెంచి మీదోళ్లను అడిగిన, ఇయ్యాల కింద చాయ్ దుకాణంల అడిగిన. ఆమె ఎవరో ఎవరికీ తెల్వదు.”

నాకూ తెలియదు. పదిహేడేళ్లుగా ఆ పేరున్న కాగితం మీదే సంతకాలు పెడుతున్నాను. గోడ మీది ఫొటోకు పూలదండ సరిగ్గా వెయ్యలేదని ఒకసారి ఫిర్యాదు కూడా చేశాను. ఆమె ఎలా పోయిందని ఏనాడూ అడగలేదు.

పెద్దాయన చెప్పారు. పెళ్లయిన కొత్తలో సులోచన గారు గోదావరి ఒడ్డున ఒక ఆడపిల్లల హాస్టల్లో పాఠాలు చెప్పేవారట. వానాకాలం జ్వరం వచ్చింది. రోడ్డు తెగిపోయింది. ఈయన చేరుకునేసరికి అయిదు రోజులైంది. “ఆ అయిదు దినాలు హాస్టల్ల వంట చేసే కోయామె దాని తల ఒళ్లె పెట్టుకుని కూసుందట. నేను పోయేసరికి ఇంక మాట లేదు. కానీ తల దువ్వి ఉండె, జడ ఏసి ఉండె.” ఆయన కళ్లద్దాలు తీశారు. “అందుకే ఇది పెట్టిన. కానీ ఆ వంటామె పేరేందో నేను అడగలే బిడ్డా. ఇన్నేండ్లాయె. అడగలే.”

మూర్తి గారు కిటికీ వైపు తిరిగి ఉన్నారు. ఆయన కూడా మనిషేనని ఆ ఒక్కసారి ఒప్పుకుంటాను.

“ఏ ఊరు సార్?” అంది సీత. ఆయన చెప్పారు. “మాకు దగ్గరే. నేను అడుగుత. ఎవరికో ఒకరికి యాదికుంటది.”

పెద్దాయన అక్కడికక్కడే సంతకం పెట్టారు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, “మంచి ఫిర్యాదు రాసినవు అనుసూయమ్మా” అన్నారు. ఆ ఒక్క రోజుకీ ‘ను’ని వదిలేశాను.

శుక్రవారం సీత ఆ కాగితం కాలేజీలో ఇచ్చింది. సోమవారం మూర్తి గారు నాకు మెమో ఇచ్చారు. మెమో న్యాయమైనదే. దాన్ని కూడా పచ్చ ఫైల్లోనే పెట్టాను, అన్నిటికంటే పైన. దసరా సెలవులకు ఇంటికి వెళ్లొచ్చిన సీత చీటీ మీద ఒక పేరు రాసి తెచ్చింది. మరుసటి ఏడాది నుంచి మా కరపత్రంలో సులోచన గారి పేరు కింద ఆ వంటామె పేరు కూడా అచ్చు వేస్తున్నారు. ‘విద్యాదాత, కరుణామూర్తి’ తీసేసి, జరిగింది నాలుగు వాక్యాల్లో రాశారు. అవి నేను రాశాను. విశేషణాలు లేవు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇంటర్వ్యూకి వచ్చిన ప్రతి ఒక్కరినీ యాదగిరి ముందే పలకరించి, “బిడ్డా, నీ పేరు నువ్వే ఒకసారి చెప్పు, నేను నేర్చుకుంట” అనేవాడు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పాల్సిన నియమాలన్నీ ఆ మాటలో ఉన్నాయి.

ఎవరు లేచారు

పోయిన నెల మోకాళ్ల నొప్పి ఎక్కువైంది. సీత ఇప్పుడు పంజాగుట్టలోనే ఒక ఆసుపత్రిలో నర్సు. “ఎన్ని దినాలు కుంటుతరు మేడం, రారాదు?” అని ఫోన్లో కోప్పడితే వెళ్లాను. పేరు రాయించుకుని కుర్చీలో కూర్చున్నాను. దీనికి రెండు చేతులూ ఉన్నాయి.

కాసేపటికి కౌంటర్ అమ్మాయి పిలిచింది. “అనుసూయ గారూ!”

నేను కదల్లేదు.

“అనుసూయ గారూ! ఉన్నారాండీ?”

పక్కనున్నాయన, “మిమ్మల్నేనేమో చూడండమ్మా” అన్నాడు. నన్ను కాదన్నాను. మూడోసారి కూడా పిలిచింది. నేను సంచి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

లోపలి నుంచి సీత వచ్చింది. కౌంటర్ వైపు చూసింది, నా వైపు చూసింది. పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఆ అమ్మాయి చేతిలో పెన్ను తీసుకుని, కాగితం మీద ఒక అక్షరం దిద్దింది. తర్వాత వెనక్కి తిరిగి, హాలంతా వినపడేలా పిలిచింది.

“అనసూయ గారూ!”

లేచాను.